ఎత్తు కాదు... అలవాటే కొరత!

“మన అమ్మాయిలు పొట్టివాళ్లు. బాస్కెట్‌బాల్‌లో గెలవమంటే ఎలా గెలుస్తారు?” ఈ మాట విని విని మనమూ నమ్మేశాం. ఒక్కసారి లెక్కలు చూడండి.

2017 జులైలో బెంగుళూరులో మహిళల ఆసియా కప్ ‘బి’ డివిజన్ ఫైనల్. కజకిస్తాన్ మీద మనవాళ్లు 75-73తో గెలిచారు. రెండంటే రెండే పాయింట్లు! ఆ గెలుపుతో ‘ఎ’ డివిజన్‌కి వెళ్లారు. అక్కడ 2019లో బెంగుళూరులోనూ, 2021లో అమ్మాన్‌లోనూ ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానమే దక్కింది. తిరిగి ‘బి’కి దిగిపోయారు.

తప్పంతా ఎత్తుదేనా? అయితే జపాన్ సంగతేమిటి? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అంతగా పొడగరులు లేని ఆ జట్టు ఫైనల్ దాకా వచ్చింది. అమెరికా చేతిలో 75-90తో ఓడినా రజతం తెచ్చుకుంది. ఎత్తు లేని లోటుని పరుగుతోనూ, దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లతోనూ పూడ్చుకుంది.

మనవాళ్లు దిద్దుకోవాల్సినవి నాకు మూడు కనిపిస్తాయి.

మొదటిది, బంతి పోగొట్టుకోవడం. బంతి చేతికొచ్చాక 8 సెకన్లలో సగం కోర్టు దాటించాలి, 24 సెకన్లలో షాట్ వేసెయ్యాలి. ఎదుటివాళ్లు మీదమీదకొస్తుంటే కంగారులో పాస్ తప్పుతుంది. ఆ కంగారు ప్రాక్టీసు ఒక్కదానితోనే పోదు. గట్టి జట్లతో తరచూ ఆడితేనే పోతుంది.

రెండోది ఫ్రీ త్రో. ఇక్కడ అడ్డుకునేవాళ్లుండరు, ఎత్తుతో పనీ లేదు. ఒక క్వార్టర్‌లో ఎదుటి జట్టు నాలుగు ఫౌల్స్ దాటితే, ఆ తర్వాత మన మీద చేసే ప్రతి ఫౌల్‌కీ మనకి రెండు ఫ్రీ త్రోలు. రెండు పాయింట్లతో ఫైనల్ గెలిచిన జట్టుకి వాటి విలువ ఇంకొకరు చెప్పాలా?

మూడోది చివరి పది నిమిషాలు. నలభై నిమిషాల ఆటలో ఆఖరి క్వార్టర్ కాళ్లలో సత్తువని పరీక్షిస్తుంది. పన్నెండుమందినీ నమ్మి మార్చి మార్చి ఆడించడం కోచ్ పని. మరి సత్తువ? అది మన వంటింటి సంగతి కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. అబ్బాయికి గుడ్డు, అమ్మాయికి పచ్చడి మెతుకులు పెట్టే ఇంట్లోంచి క్రీడాకారిణి ఎలా వస్తుంది?

వీటన్నిటికీ మూలం ఒకటుంది. అమెరికాలో ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ 1997లో ఎనిమిది జట్లతో మొదలైంది. 2011లో అక్కడి జట్లు మన గీతూ అన్నా జోస్‌ని ట్రయల్స్‌కి పిలిచాయి. అంటే మన దగ్గర ప్రతిభకి లోటు లేదు. కానీ ఇక్కడ ఆటని నమ్ముకున్న అమ్మాయికి రైల్వేలో ఉద్యోగమో, అలాంటిదే మరొకటో దొరికితేనే ధైర్యం. 2025లో 25 ఏళ్లలోపు అబ్బాయిలకి ప్రొఫెషనల్ లీగ్ జరిగింది. అందులో హైదరాబాద్ ఫాల్కన్స్ కూడా ఆడింది. సంతోషమే! జీతమూ, కోచ్, వరసగా మ్యాచ్‌లూ ఉండే అలాంటి సీజను ఆడపిల్లలకీ ఏటా కావాలి.

మా గగన్‌పహాడ్‌నే తీసుకోండి. ఒకవైపు ఫ్యాక్టరీలు, మరోవైపు బెంగుళూరు హైవే. 2008 నుంచి పక్కనే శంషాబాద్‌లో విమానాలు దిగుతున్నాయి. ఇక్కడి పిల్ల గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి వెళ్లి రావాలంటే మాత్రం చీకటి పడిపోతుంది. ఆ చీకటికి భయపడే, ఇంటర్‌లో చేరగానే “ఇంకా ఆటలేంటే?” అంటాం. సరిగ్గా ఆట ముదరాల్సిన వయసది!

జట్టు గెలవలేదని టీవీ ముందు కూర్చుని అనడం తేలిక. ఈసారి మీ అమ్మాయి స్కూలుకి వెళ్లినప్పుడు మార్కులతోపాటు ఇంకో ప్రశ్న కూడా అడగండి: “బాస్కెట్‌బాల్ కోర్టు ఉందా? ఉంటే, అందులో ఆడపిల్లల్ని ఆడనిస్తున్నారా?”