ఈ నెల మాట: ఇరుసు

స్టీరింగు పూర్తిగా తిప్పితే మీ కారు ముందు చక్రం దగ్గర టక్ టక్ మంటోందా? డర్బన్‌లో మనం "సీవీ జాయింటు పోయింది" అంటాం. ఆ జాయింటు ఉండే కడ్డీ పేరు ఇరుసు. ఎద్దుబండిలో ఇరుసు కదలదు, చక్రమే తిరుగుతుంది. ఈ కార్లలో ఇరుసే చక్రాన్ని తిప్పుతుంది.

రబ్బరు తొడుగు చిరిగితే కందెన, అంటే గ్రీజు, బయటికి పోతుంది. ఇసుక లోపలికి చేరుతుంది. చివరికి జాయింటు విరిగితే ఇంజను తిరిగినా కారు కదలదు. రాత్రిపూట ఎన్2 మీద అలా ఆగడం చిన్న మాట కాదండి.

ఇంట్లోనే మారుస్తారా? చక్రం నేల మీద ఉండగానే నడిమి నట్టు వదులు చేయండి. కారు ఎత్తాక అంత బలంగా లాగితే పడిపోవచ్చు. ఒక్క జాక్‌ను నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. కొన్ని కార్లలో ఇరుసు లాగగానే గేర్‌బాక్సు నూనె కారుతుంది, కింద పళ్ళెం ఉంచండి. సిటీ గోల్ఫ్‌లో బోల్టులే, ఆ గొడవ లేదు. చాలా కార్లలో కుడి, ఎడమ ఇరుసుల పొడవు వేరు, చూసి కొనండి.

కొత్త నట్టు వేసి, పుస్తకంలో రాసినంత టార్క్ రెంచ్‌తో బిగించండి. చేతి అంచనా వద్దు.

ఎద్దుబండిలో చక్రం జారకుండా పట్టేది సీల. ఈ మాట మీ ఇంటి పెద్దలకు గుర్తుందేమో అడగండి.