స్టేడియానికి బాలయోగి పేరు - బరిలో ఎవరి పేరు?

కబడ్డీ మన పేటల ఆట. బ్యాటు కొనక్కర్లేదు, బంతి కొనక్కర్లేదు. ఊపిరుండాలి, ఒంట్లో సత్తువుండాలి. కైకలూరు, మండవల్లి, భీమడోలు వైపు లంకల్లో పగలంతా చేపల చెరువులో వల లాగిన కుర్రోడు పొద్దు వాలాక గట్టు మీద కూతకెళ్తాడు. గట్టు మీదే ఎందుకంటే పేటకి వేరే నేల లేదు కాబట్టి.

ఈ ఆటని 2014లో డబ్బున్నోళ్లు టీవీలోకి ఎక్కించారు. ప్రో కబడ్డీ అన్నారు. మన పేరు చెప్పి తెలుగు టైటాన్స్ అని ఒక జట్టు పెట్టారు. 2021-22 సీజన్లో ఆ జట్టు 22 ఆటలాడి గెలిచింది ఒక్కటి! 2023-24లో ఒక్క ఆటగాడికి 2 కోట్ల 60 లక్షల పైన పెట్టారు. గెలిచినవి రెండు. ఓడినందుకు మాకు ఏడుపు లేదు. పేరు తెలుగుది, మరి కోట్లు పెట్టి తెచ్చిన పెద్ద ఆటగాళ్లు ఏ ఊరోళ్లు? ఢిల్లీ వాళ్లు, మహారాష్ట్ర వాళ్లు. వాళ్లూ కష్టజీవుల బిడ్డలే, వాళ్ల మీద కోపం లేదు. మన కుర్రోడు అక్కడిదాకా ఎందుకు పోలేదన్నదే మా ప్రశ్న.

ఇలా అడిగితే వెంటనే 'మెరిట్' అంటారు. ఆ ముక్క అమెరికాలో ఎప్పుడో తేలిపోయింది. అక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని గుద్దుకుంటా పరిగెత్తే ఆట. వాషింగ్టన్ జట్టు యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ నల్లవాణ్ణి ఒక్కణ్ణి కూడా జట్టులోకి రానిచ్చేవాడు కాదు. మిగతా జట్లన్నీ తీసుకున్నా ఈయన తీసుకోలేదు. ఆ జట్టు పేరేమో అక్కడి ఆదివాసుల్ని తిట్టే మాట. కులం పేరు పెట్టి తిట్టినట్టన్నమాట. 2020 దాకా ఆ పేరు మార్చలేదు. 1961లో ఈ తెల్ల మెరిట్ జట్టు 14 ఆటలాడి ఒక్కటి గెలిచింది, ఒకటి సమం చేసింది, పన్నెండు ఓడింది.

ఆ ఏడాదే జట్టుకి కొత్త స్టేడియం తయారైంది. అది కేంద్ర ప్రభుత్వ భూమి. మంత్రి స్టూవర్ట్ ఉడాల్ ఒకటే మాటన్నాడు: జనం భూమి మీద ఆడాలంటే వివక్ష కుదరదు, నల్లవాళ్లని తీసుకో, లేదా స్టేడియం ఇవ్వం. వాషింగ్టన్ తెల్లగానే ఉండాలని అమెరికా నాజీలు అట్టలు పట్టుకుని బయటికొచ్చారు. అయినా మార్షల్ దిగిరాక తప్పలేదు. 1962లో బాబీ మిచెల్ వచ్చాడు. ఆ ఏడు లీగు మొత్తం మీద బంతి అందుకోవటంలో మొదటివాడు ఆయనే, 72 సార్లు. జట్టు అయిదు ఆటలు గెలిచింది. ఇప్పుడు చెప్పండి, మెరిట్ ఎవరి దగ్గరుంది?

ఇంకో ముచ్చట. 1946లో లాస్ ఏంజెలస్‌లో రామ్స్ జట్టు నల్లవాడైన కెన్నీ వాషింగ్టన్‌ని తీసుకుంది. దాని వెనక ఉన్నది నల్లవాళ్ల పత్రికలు. హేలీ హార్డింగ్ అనే విలేఖరి స్టేడియం కమిటీ ముందు నిలబడి, ఇది ప్రజల సొమ్ముతో కట్టింది, మా వాళ్లని రానివ్వని జట్టుకి ఎలా ఇస్తారని నిలదీశాడు. మనలాంటి చిన్న పత్రికవాడే!

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 2024 జనవరిలో టైటాన్స్ ఆడింది ఎక్కడ? హైదరాబాదు గచ్చిబౌలిలో. అది జనం సొమ్ముతో కట్టిన క్రీడాప్రాంగణం. అక్కడి పెద్ద స్టేడియానికి ఎవరి పేరుందో చూడండి: జి.ఎం.సి. బాలయోగి. లోక్‌సభకు మొదటి దళిత స్పీకరు. 2002 మార్చి 3న ఆయన హెలికాప్టరు కూలింది ఎక్కడో కాదు, మన కైకలూరు దగ్గర చేపల చెరువులోనే. దళితుడి పేరు గోడ మీద రాశారు. ఆ గోడ లోపల జరిగే ఆటలో ఆయన వాడల పిల్లలకి వాటా ఏదని ఒక్కరూ అడగలేదు.

టైటాన్స్ వాళ్లు కులం చూసి తోసేశారని మేం అనటం లేదు. మార్షల్‌కి గేటు మూయాల్సిన పని పడింది. ఇక్కడ ఆ పని కూడా లేదు, ఎందుకంటే గేటు దాకా దారే లేదు. వాళ్లు ఆడేది మ్యాటు మీద, బూట్లతో. మనోడు ఆడేది బురదలో, వట్టికాళ్లతో. మొదటిసారి మ్యాటెక్కితే పాదం నిలవదు, పట్టు జారిపోద్ది. అది చూసి 'వీడికి ఆట రాదు' అంటారు. ఇంటర్మీడియెట్‌లో ఇంగ్లీషు రాదని మనోణ్ణి వెనక బెంచీకి పంపినట్టే.

అందుకే ఉడాల్ పెట్టిన షరతే మనమూ పెట్టమంటున్నాం. ప్రభుత్వ స్టేడియం వాడుకునే ఏ జట్టయినా సరే, పేటల్లో ఎంపికలు జరపాలి, మన పిల్లల్ని శిక్షణకు తీసుకోవాలి. తెలంగాణ మిత్రులు ఈ మాట గచ్చిబౌలి దగ్గర అడగాలి. మన వంతు ఇక్కడుంది. 2006లో కొల్లేట్లో చెరువుల గట్లు కొట్టడానికి మిషన్లు దింపిన ప్రభుత్వానికి, పేటకి అరెకరం ఆటస్థలం చదును చెయ్యటం పెద్ద పనా? ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కైకలూరులో ఒక్కో మ్యాటు, ఒక్కో కోచ్. వాడుకునే వేళలు పేట కుర్రాళ్లకి రాసివ్వాలి.

అర్జీ మీద ఊరి పేరు, పేట పేరు, ఆడే కుర్రాళ్ల సంఖ్య, దగ్గర్లో ఉన్న ప్రభుత్వ భూమి సర్వే నంబరు రాయండి. సర్వే నంబరు లేకపోతే స్థలం లేదని తిప్పి పంపేత్తారు. సోమవారం గ్రీవెన్సుకి ఒక్కరు కాదు, జట్టంతా కలిసి రండి.