తండ్రికన్న పెద్దవాడైన కుమారుడు

యూదా దేశపు రాజైన యెహోరాము తన 32వ ఏట సింహాసనమెక్కి, 8 సంవత్సరాలు పాలించి మరణించాడని బైబిలులోని దినవృత్తాంతముల రెండవ గ్రంథం చెబుతున్నది. అనగా మరణించేనాటికి అతని వయస్సు 40. ఆ తరువాత అతని కడపటి కుమారుడైన అహజ్యా రాజయినాడు. అప్పటికి అహజ్యా వయస్సు 42 సంవత్సరాలని అదే గ్రంథం తరువాతి అధ్యాయంలో ఉన్నది. కుమారుడు తండ్రికన్న రెండేండ్లు పెద్దవాడన్నమాట! ఇదే సంగతిని చెప్పే రాజుల రెండవ గ్రంథంలో మాత్రం అహజ్యా వయస్సు 22 అని ఉన్నది.

ఇటువంటి చోటు బైబిలులో ఇదొక్కటే కాదు. కోట్లాదిమంది దైవప్రేరితమని నమ్మే గ్రంథంలో ఒక వాక్యం మరొక వాక్యంతో పొసగనప్పుడు నమ్మేవారు ఏమి చేస్తారు? ఈ ప్రశ్నను ఆధునిక హేతువాదులే మొదట లేవనెత్తారని చాలామంది తలుస్తారు. వాస్తవానికి ఇది సువార్తల పఠనమంత పాతది. దానికి క్రైస్తవులు ఇచ్చిన సమాధానమూ ఒక్కటి కాదు. ఆ సమాధానాల చరిత్ర ప్రాచీన గ్రంథాన్ని పూజ్యంగా భావించే ఏ సమాజానికైనా ఆలోచన కలిగించేదే.

రెండు సులభమార్గాలు

విరోధాలను పోగొట్టడానికి అన్నిటికన్న సులువైన మార్గం కత్తిరించడం. రెండవ శతాబ్దంలో రోము నగరానికి వచ్చిన మార్కియను ఈ పనికే పూనుకున్నాడు. పాత నిబంధనలో శిక్షించే దేవుడు, యేసు బోధించిన కరుణామయుడైన తండ్రి ఒక్కరు కాజాలరని అతని నిశ్చయం. పరస్పరం పొసగని వాక్యాలను ఎదురెదురుగా పేర్చి అతడు ఒక గ్రంథమే రచించాడు. పాత నిబంధనను పూర్తిగా త్రోసివేసి, లూకా సువార్తను తన సిద్ధాంతానికి తగినట్లు కుదించి, పౌలు పత్రికలలో పదింటిని మాత్రం నిలుపుకున్నాడు. 144లో రోము సంఘం అతనిని వెలివేసింది.

రెండవ మార్గం కలిపివేయడం. 170 ప్రాంతంలో తతియాను అనే పండితుడు మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తలను ఒకే వరుస కథగా అల్లాడు. 'దియాతెస్సరోను' అనే ఆ గ్రంథం సిరియా ప్రాంతపు క్రైస్తవులకు ఎంతో ప్రియమైనది. తరతరాలుగా ఆరాధనలో దానినే చదివేవారు. కాని అయిదవ శతాబ్దంలో థియొడొరెట్ అనే బిషప్పు తన పాలనలోని సంఘాలనుండి 200కు పైగా దియాతెస్సరోను ప్రతులను తీసివేయించి, వాటి స్థానంలో నాలుగు సువార్తలను పెట్టించాడు. సిరియాక్ భాషలో ప్రామాణికమైన 'పెషిత్తా' బైబిలులో సువార్తలు విడివిడిగానే ఉన్నవి. కేరళలోని సిరియను క్రైస్తవుల ఆరాధనలో శతాబ్దాలపాటు వినిపించినది ఆ పెషిత్తాయే.

ఈ రెండు తీర్పులూ గమనింపదగినవి. సువార్తలు నాలుగు ఉంటే చిక్కులు తప్పవని సంఘానికి తెలుసు. చిక్కులు లేని ఒకే కథ చేతిలో సిద్ధంగా ఉండగా దానిని కాదని, తమలో తాము భేదించే నలుగురు సాక్షులనే అది ఎన్నుకున్నది.

తొలి వ్యాఖ్యాతలు

ఆ భేదాలను వెలుపలివారు చూడకపోలేదు. మూడవ శతాబ్దపు తత్త్వవేత్త పోర్ఫిరీ క్రైస్తవమతాన్ని ఖండిస్తూ 15 సంపుటాలు వ్రాశాడు. మార్కు తన సువార్త ఆరంభంలో యెషయా ప్రవక్తవని చెప్పిన మాటలలో కొన్ని మలాకీ గ్రంథంలోనివని అతడు ఎత్తిచూపాడు. 448లో చక్రవర్తి ఆజ్ఞతో పోర్ఫిరీ గ్రంథాలను కాల్చివేశారు. గ్రంథాలు కాలినవి గాని ప్రశ్నలు కాలలేదు. వాటికి బదులు చెప్పబూనిన క్రైస్తవ పండితుల రచనలలోనే అవి నేటికీ నిలిచి ఉన్నవి.

ఆ పండితులు అందరూ ఒకే మాట చెప్పలేదు. యెరూషలేము దేవాలయంనుండి యేసు వర్తకులను వెళ్ళగొట్టిన ఘట్టాన్ని యోహాను తన సువార్త మొదట చెబుతాడు. తక్కిన ముగ్గురూ యేసు చివరి వారంలో చెబుతారు. దీనిని చర్చిస్తూ ఓరిగెను అనే మహాపండితుడు, కేవలం చరిత్రగా చదివితే ఈ కథనాలకు పొత్తు కుదరదని నిర్మొగమాటంగా ఒప్పుకున్నాడు. సువార్తికులు ఆధ్యాత్మిక సత్యాన్ని తెలుపడానికి బాహ్యవృత్తాంతాన్ని కొన్నిచోట్ల మార్చి చెప్పారనీ, పాఠకుడు ఆ అంతరార్థాన్ని వెదకాలనీ అతని అభిప్రాయం.

407లో మరణించిన క్రిసోస్తము చూపు వేరు. చిన్న సంగతులలో భేదించడమే సువార్తికుల నిజాయితీకి గుర్తు అన్నాడు ఆయన. నలుగురు సాక్షులు కాలమూ స్థలమూ మాటలూ తేడా లేకుండా చెబితే, వారు ముందుగా కూడబలుక్కున్నారని ప్రతివాదులు అనకుండా ఉంటారా? ముఖ్య విషయాలలో ఏకవాక్యత ఉన్నప్పుడు చిన్న భేదాలు సాక్ష్యానికి బలమేగాని కొరత కాదని ఆయన వాదన.

అగస్టీను ఈ విషయంపైనే 400 ప్రాంతంలో ఒక పెద్ద గ్రంథం రచించాడు. తరువాత 405లో జెరోముకు వ్రాసిన లేఖలో ఆయన ఒక సూత్రం చెప్పాడు. దైవగ్రంథంలో సత్యవిరుద్ధమైనదేదైనా కనిపిస్తే కారణం మూడింటిలో ఒకటి కావాలి: ప్రతిలో తప్పు ఉండాలి, లేదా అనువాదకుడు మూలాన్ని సరిగా గ్రహించకపోయి ఉండాలి, లేదా చదివేవానికి అర్థం కాకపోయి ఉండాలి. నాటినుండి నేటివరకు క్రైస్తవులు ఇచ్చే సమాధానాలలో అధికభాగం ఈ మూడు కొమ్మలకు పూచినవే.

సూత్రానికి పరీక్ష

మొదటి కారణం లేఖకప్రమాదం. అహజ్యా వయస్సు అందుకు చక్కని ఉదాహరణ. చేతితో ప్రతులు వ్రాసే కాలంలో అంకె తారుమారు కావడం వింత కాదు. సిరియాక్ అనువాదంలోను, కొన్ని గ్రీకు ప్రతులలోను ఆ సంఖ్య 22గానే ఉన్నది. గొల్యాతు ఎత్తు సంగతి మరింత ఆసక్తికరం. హీబ్రూ పాఠంలో అతడు ఆరు మూరల జేనెడు, అనగా దాదాపు పది అడుగుల మనిషి. ప్రాచీన గ్రీకు అనువాదంలో అతని ఎత్తు నాలుగు మూరల జేనెడు మాత్రమే. 1952లో మృతసముద్ర తీరాన కుమ్రాను నాలుగవ గుహలో బయటపడిన సమూయేలు గ్రంథపు హీబ్రూ ప్రతిలో కూడ నాలుగు మూరలనే ఉన్నది. గ్రీకు అనువాదకులు సంఖ్యను కల్పించలేదనీ, అటువంటి హీబ్రూ పాఠం నిజంగా ఉండేదనీ దానితో తేలింది. మహాభారతపు ప్రతులను సరిపోల్చి చూచిన మన పరిష్కర్తలకు ఇటువంటి పాఠాంతరాలు కొత్త కావు.

రెండవ కారణమైన అనువాదం చిక్కును పుట్టించవచ్చు, కప్పివేయనూవచ్చు. ఇస్కరియోతు యూదా ఉరి వేసుకున్నాడనీ, అతడు పారవేసిన ముప్పది వెండి నాణేలతో ప్రధాన యాజకులు పొలం కొన్నారనీ మత్తయి అంటాడు. అపొస్తలుల కార్యములలో యూదాయే పొలం సంపాదించినట్లు, అతడు తలక్రిందుగా పడి మరణించినట్లు ఉన్నది. లాటిను బైబిలులో ఈ రెండవచోట కూడ అతడు వ్రేలాడినట్లే మాట పడింది. లాటిను చదివిన యూరపులో ఆ తేడా చాలవరకు మరుగునపడిపోయింది. ఉరిత్రాడు తెగి పడినాడన్నది నేటికీ తరచుగా వినిపించే సమన్వయం. అది అసంభవం కాదు; అయితే ఏ సువార్తలోను లేదు.

మూడవ కారణం పాఠకుని అవగాహన. యోసేపు తండ్రి యాకోబు అని మత్తయి, హేలీ అని లూకా వ్రాశారు. మూడవ శతాబ్దపు జూలియస్ ఆఫ్రికానస్ దీనికి యూదుల ఆచారంలో సమాధానం వెదకాడు. సంతానం లేక మరణించినవాని భార్యను అతని సోదరుడు చేపట్టి, పుట్టిన బిడ్డకు మృతుని వంశనామం నిలపాలని మోషే ధర్మశాస్త్రం. కనుక ఒకరు కన్నతండ్రి, ఒకరు ధర్మశాస్త్రరీత్యా తండ్రి. మన నియోగాన్ని కొంత పోలిన ఈ ఆచారం తెలియనివానికి విరోధంగా కనిపించినది తెలిసినవానికి విరోధం కాకపోవచ్చు. అయితే ఈ వివరణకు గట్టి ఆధారం లేదని, ఇంతకన్న మేలైనది దొరకలేదని ఆఫ్రికానసే చెప్పుకున్నాడు.

ఈ మూడింటికీ లొంగని చోట్లూ ఉన్నవి. దావీదు ప్రజల సంఖ్యను లెక్కించడం పాపమయినదని రెండు గ్రంథాలు చెబుతున్నవి. అతనిని ప్రేరేపించినది యెహోవా కోపమని సమూయేలు గ్రంథం అంటే, సాతాను అని దినవృత్తాంతముల గ్రంథం అంటుంది. ఇది కలంపోటు కాదు. దేవుని అనుమతి లేనిదే సాతాను ఏమీ చేయలేడు గనుక రెండూ నిజమేనని సంప్రదాయ వ్యాఖ్యాతలు సమన్వయిస్తారు. బబులోను చెర తరువాత జీవించిన రెండవ గ్రంథకర్త, కీడును దేవునికి అంటగట్టడానికి వెనుదీసి కథను కొత్త వెలుగులో చెప్పాడని ఆధునిక పండితులలో అనేకులు భావిస్తారు.

అతిసమన్వయపు అపాయం

పదునారవ శతాబ్దంలో ఓసియాండరు అనే లూథరన్ పండితుడు సువార్తలలోని ఏ మాటా తప్పిపోరాదని పట్టుబట్టాడు. వివరాలు భేదించినచోటెల్ల అవి వేరువేరు సంఘటనలే అయి ఉండాలన్నాడు. 1537లో వెలువడిన అతని సమన్వయగ్రంథంలో యాయీరు కుమార్తె ఒకటికంటె ఎక్కువసార్లు మరణించి బ్రతుకవలసి వచ్చింది. గ్రంథాన్ని కాపాడబోయి అతడు ఏ సువార్తలోను లేని కథను సృష్టించాడు.

అదే కాలపు సంస్కర్తలు అంత దూరం పోలేదు. దేవాలయ ఘట్టం ఏ సంవత్సరంలో జరిగినదో తేలకపోతే విశ్వాసానికి లోటు లేదన్నాడు లూథరు. జెకర్యా గ్రంథంలోని మాటలకు మత్తయి సువార్తలో యిర్మీయా పేరు ఎట్లు చేరినదో తనకు తెలియదనీ, అందుకు తాను కలత చెందడం లేదనీ కాల్విను వ్రాశాడు.

ఈ వివాదం భారతదేశంలోనూ ఒకమారు బహిరంగసభకు ఎక్కింది. 1854 ఏప్రిలులో ఆగ్రాలో జర్మను మిషనరీ ఫాండరుకు, మౌలానా రహమతుల్లా కైరానవీకి రెండు రోజులు చర్చ జరిగింది. మౌలానా పక్షాన నిలిచిన డాక్టర్ వజీర్ ఖాన్ ఇంగ్లండులో చదివి, అక్కడి బైబిలు విమర్శగ్రంథాలను వెంట తెచ్చుకున్నవాడు. బైబిలు పాఠంలో లేఖకుల పొరపాట్లు చేరినవని ఫాండరు అంగీకరించాడు. ముఖ్య సిద్ధాంతాలేవీ వాటివల్ల చెడలేదని వాదించాడు. కొంత చెడినదని ఒప్పుకున్న గ్రంథాన్ని ప్రమాణంగా ఎట్లా చూపుతారని ప్రతిపక్షం నిలదీసింది. చర్చ అంతటితో ఆగిపోయింది. విశేషమేమంటే, ఆనాడు మౌలానా పక్షం చూపిన విమర్శగ్రంథాలను వ్రాసినవారు యూరపు క్రైస్తవ దేశాల పండితులే.

నేటి రెండు ధోరణులు

ఇరువదవ శతాబ్దంలో ఈ ఆలోచనలు రెండు ప్రకటనలుగా రూపుకట్టినవి. దేవుడు మానవుల రక్షణార్థం తెలుపదలచిన సత్యాన్ని బైబిలు తప్పు లేకుండ బోధిస్తుందని 1965లో రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. ప్రతి రచన ఏ కాలంలో, ఏ ప్రక్రియలో వెలువడినదో గమనించి అర్థం చేసుకోవాలని కూడ అది చెప్పింది. 1978లో చికాగోలో సమావేశమైన ఇవాంజెలికల్ పండితులు బైబిలు సర్వవిషయాలలోను నిర్దోషమన్నారు. అయితే ఆ నిర్దోషత్వం రచయితల మూలప్రతులకు చెందినదనీ, ఉజ్జాయింపు సంఖ్యలను, వస్తువును బట్టి మార్చిన వరుసను దోషాలుగా ఎంచరాదనీ వివరించారు. ఆ మూలప్రతులు ఏవీ నేడు లేవు గదా అన్నది విమర్శకుల ఆక్షేపణ. ఉన్న ప్రతులను సరిపోల్చి మూలానికి చాల దగ్గరగా పోవచ్చునన్నది వారి జవాబు.

ఈ తర్కంలో పణంగా ఉన్నది ఒక రాజు వయస్సు మాత్రమే కాదు. ఒక్క అంకె తప్పితే గ్రంథమంతా అబద్ధమని నేర్చుకున్న యువకుడు, ఆ అంకె కంటబడిననాడు దేవునినీ ధర్మాన్నీ ఒక్కసారిగా విడువవలసి వస్తుంది. చిక్కేదీ లేదని అతనికి చెప్పిన పెద్దలు అతని విశ్వాసాన్ని దారపుపోగుకు వ్రేలాడదీసినవారే. చిక్కులున్నవి గనుక సాక్ష్యమంతా బూటకమనేవారు చేసేదీ అటువంటి పొరపాటే. ఏ న్యాయస్థానమూ సాక్షులను ఆ కొలతతో కొలవదు. ఏ భేదం ఏ జాతిదో విడదీసి చూడడం, కుదిరిన సమాధానాన్ని స్వీకరించడం, కుదరనిదానిని కుదరలేదని చెప్పడం శ్రమతో కూడిన పని. క్రైస్తవ వ్యాఖ్యాతలలో ఉత్తములు చేసినది అదే.

అహజ్యా వయస్సు 42 కాజాలదని హీబ్రూ లేఖకులకు తెలియక కాదు. ముప్పదిరెండుకు ఎనిమిదిని కలుపగల బాలునికి కూడ అది తెలుస్తుంది. ఒక్క అంకెను దిద్దితే ఎవరూ తప్పుపట్టేవారు కారు. అయినను వారు తమకు అందిన పాఠాన్ని అందినట్లే, అక్షరాలు లెక్కించుకుంటూ తరువాతి తరానికి అందించారు. పలు ఆధునిక అనువాదాలు 22 అని అచ్చువేసి, హీబ్రూలో 42 ఉన్నదని అడుగున తెలుపుతున్నవి. తండ్రికన్న పెద్దవాడైన ఆ కుమారుడు హీబ్రూ బైబిలులో నేటికీ అట్లే ఉన్నాడు. పొరపాటు చేసినది ఎవరో ఒక లేఖకుడు. దానిని దాచక నిలిపినది తరతరాల లేఖకులు.