నీటికి కట్టే కిరాయి

వసంతారంభంలో ఛత్తీస్‌గఢ్ అడవులలో ఇప్పపూలు రాలుతాయి. తెల్లవారకముందే బుట్టలతో బయలుదేరిన గిరిజన స్త్రీలు వాటిని ఏరితెచ్చి ఎండబెడతారు. పచ్చిపువ్వులో అధికభాగం నీరే గనుక ఎండిన తరువాతగాని అది నిలువకు పనికిరాదు. ఇంచుమించు ఆ రోజులలోనే భూగోళానికి ఆవలివైపున, కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో, రైతులు మేపుల్ చెట్లకు రంధ్రాలు తొలిచి తియ్యని ద్రవం సేకరిస్తారు. అందులో చక్కెర నూటికి రెండు పాళ్ళు. నలభై లీటర్లు కాచితే ఒక లీటరు పాకం మిగులుతుంది. తీపిని అమ్ముకోవాలంటే ముందు నీటిని వదిలించుకోవాలన్నది ఇరుపక్షాలకూ తెలిసిన లెక్కే.

రాయపూర్ సమీపాన ఉన్న ధర్సీవాలో ఒక మిఠాయి వ్యాపారికి ఈ పాకం పెద్దమొత్తంలో కావలసివచ్చిందనుకుందాం. పక్కనే సిల్తరా పారిశ్రామికవాడ ఉన్నది. లారీలకు కొదువ లేదు. సముద్రం మాత్రం చాలా దూరం. విశాఖ రేవు నుంచి ఐదువందల కిలోమీటర్లకు పైమాటే. సీసాలలో తెప్పించుకుంటే గాజుకూ, అట్టపెట్టెకూ, సీసాల నడుమనున్న ఖాళీకీ కూడా కిరాయి చెల్లించాలి. పీపాలు మేలు. రెండువందల లీటర్ల పీపాలో పాకం సుమారు 265 కిలోలు తూగుతుంది. ఇరవై అడుగుల కంటైనరులో అటువంటివి ఎనభై పడతాయి; అప్పటికే పాకం బరువు 21 టన్నులు. ఇంతకు మించి పెద్ద పెట్టె తీసుకుంటే గాలికి అద్దె కట్టినట్లే.

రెండు మూడు పీపాలే కావలసినవారి పాట్లు వేరు. ఇతరుల సరుకుతో కలిపి పంపే సదుపాయం ఉన్నది గాని, విప్పి సర్దే కూలీ, పత్రాల రుసుము, గిడ్డంగి అద్దె కలిసి పాకం ధరనే మింగివేయగలవు. నలుగురు వ్యాపారులు కూడి ఒక పూర్తి కంటైనరు తెప్పించుకోవడం తెలివైన పని. రేవులో సరుకు దింపి ఖాళీగా తిరిగివచ్చే లారీ దొరికితే మరికొంత కలిసివస్తుంది. కంటైనరులో పరిచే పెద్ద ప్లాస్టిక్ సంచులు కూడా వచ్చాయి. 24,000 లీటర్లు పట్టే సంచిని పాకంతో నింపితే 32 టన్నులవుతుంది. అంత బరువు పెట్టె మోయలేదు. అలాగని పెద్దసంచిని సగమే నింపితే దారిలో అల్లల్లాడి చిరుగుతుంది.

ఇంతా చేసి, ఆ 21 టన్నులలో ఏడు టన్నులు ఇంకా నీరే! ఉత్తర అమెరికా ఆదివాసులు పూర్వం ఆ నీటిని సైతం ఇగిర్చి, మేపుల్ చక్కెరను గడ్డలుగా దాచుకొనేవారు. మన అనకాపల్లి రైతు నేటికీ అదే చేస్తున్నాడు. చెరకురసం పెనంలో ఉడికి ఉడికి దిమ్మ కడితే దానికి గాజు అక్కరలేదు, పీపా అక్కరలేదు. 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలుమార్గం తూర్పుకనుమలను దాటి ఆ సీమను ఛత్తీస్‌గఢ్ మైదానంతో కలిపింది. అయితే బెల్లానికి శ్రావణ భాద్రపదాలు గండం. పొయ్యిమీద వదిలించుకొన్న నీరు గాలిలోనుంచి తిరిగివచ్చి దిమ్మను కరిగిస్తుంది. వేడివేడిగా నింపి బిగించిన పాకపు పీపాకు ఆ భయం లేదు.

దానికున్న భయం వేరు. క్విబెక్ ఉత్పత్తిదారుల సంఘం పంట తగ్గిన ఏళ్ళకోసం పాకాన్ని పీపాలలో నిల్వచేస్తుంది. 2011, 2012 సంవత్సరాలలో దొంగలు అటువంటి ఒక గిడ్డంగి నుంచి దాదాపు మూడువేల టన్నుల పాకాన్ని తరలించుకుపోయారు. దాని విలువ సుమారు ఒక కోటి ఎనభై లక్షల కెనడా డాలర్లు. కొన్ని పీపాలు ఖాళీగా దొరికాయి. కొన్నింటిలో పాకానికి బదులు నీరున్నది. 2012 జూలైలో తనిఖీకి వచ్చిన ఉద్యోగి పీపాల వరుసపైకి ఎక్కబోతే కాలికింద పీపా ఊగిందట. అప్పటివరకు ఎవరికీ అనుమానం రాలేదు. ధర్సీవా వ్యాపారి లారీ దింపుకొనేటప్పుడు కాటా దగ్గర ఉంచుకుంటే చాలు. పాకమైతే 265 కిలోలు, నీరైతే 200.