మా బావ కూలి ఎవరిస్తారు?



మొన్న ఆదివారం మీ పత్రిక ప్రవాసుల పేజీలో సగం పైన ఆక్రమించిన ‘సింగపూర్ చిన్నారుల సేవ’ చదివాను. బుడమేరు వరదలో మునిగిన విజయవాడ బడికి సింగపూర్ హైస్కూలు పిల్లలు ఇరవై మంది వెళ్లి వారం పాటు గోడలకు రంగులు వేశారనీ, వాళ్ల త్యాగం చూసి బడి ఉన్న కాలనీ అంతా కంటతడి పెట్టిందనీ మీ విలేకరి రాశారు. ఆ కాలనీలోనే మా అక్క ఉంటుంది. ఆ బడిలోనే ఆయాగా చేస్తుంది. మీరు వేసిన ఫొటోలో పిల్లల వెనక, స్తంభం పక్కన బకెట్టు పట్టుకుని సగం కనపడుతున్న మనిషి మా బావ. ఆయన పేరు మీరు వేయలేదు. ఆయన ఇరవై ఏళ్లుగా పెయింటరన్న సంగతీ వేయలేదు.

పిల్లల మీద నాకు ఏ కోపమూ లేదు. పదహారేళ్ల పిల్ల సెలవుల్లో ఎండలో నిలబడి బ్రష్షు పట్టిందంటే ఆ మనసు మంచిదే. నా కోపమంతా వాళ్లను తీసుకెళ్లిన పెద్దల మీద, అడగాల్సిన ఒక్క ప్రశ్నా అడగకుండా రాసిన మీ పత్రిక మీద.

వరదలో మా బావ నిచ్చెనలు, రోలర్లు, లప్పం బ్లేడ్లు అన్నీ కొట్టుకుపోయాయి. వరద వచ్చాక పెయింటర్లకు చేతినిండా పని అనుకుంటారు చాలామంది. అది తప్పు. ఇల్లు మునిగినవాడు ముందు స్టవ్వు బాగుచేయించుకుంటాడు, తర్వాత బండి, ఫ్రిజ్జు, మంచం, పిల్లల పుస్తకాలు. గోడకు రంగు అన్నిటికన్నా ఆఖరున. ఏటా సంక్రాంతి ముందు ఊపిరి సలపనంత పనుండే మనిషి వరద వచ్చిన ఏడాది అరుగు మీద కూర్చున్నాడు. ఆ వీధికి వచ్చిన ఒకే ఒక్క పెద్ద పని ఈ బడి గోడలది. నలుగురు పెయింటర్లకు వారం పది రోజుల కూలి. ఆ పనిని సముద్రం అవతలి నుంచి పిల్లల్ని తెచ్చి వాళ్ల చేత చేయించారు.

అంతటితో ఆగలేదు. మా బావను పిలిచి రంగులు కలిపి పెట్టమన్నారు, నిచ్చెన పట్టుకోమన్నారు, పిల్లలు వదిలేసిన అంచులు సరిచేయమన్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, వాళ్లున్నన్నాళ్లూ. రోజూ టీ, బిస్కెట్లు ఇచ్చారు. చివరిరోజు శాలువా కప్పారు. కూలి మాట ఎవరూ ఎత్తలేదు. అక్క అక్కడే పనిచేస్తుంది గనక అడగడానికి బావకు నోరు రాలేదు. మీ విలేకరి దీన్ని ‘స్థానికుల సహకారం’ అని రాశారు. వాళ్లు వెళ్లిపోయాక తరగతి గదుల గచ్చు మీద ఎండిపోయిన ఎనామెల్ చుక్కల్ని మా అక్క మోకాళ్ల మీద కూర్చుని బ్లేడుతో గీకింది. టర్పెంటైన్ సీసా తన డబ్బుతో కొనుక్కుంది. ఆమె ఇంట్లో వంటగది తలుపు అప్పటికింకా ఉబ్బిపోయి మూతపడటం లేదు.

ఇక ఆ గోడ సంగతి. నేను సింగపూర్‌లో హెచ్‌డీబీ అనే ప్రభుత్వ అపార్టుమెంట్ల బ్లాకులకు రంగులు వేసే కంపెనీలో సూపర్‌వైజర్ని, క్రాంజీలో కార్మికుల డార్మిటరీలో ఉంటాను. గోడ గురించి మాట్లాడే హక్కు నాకుంది. రోజుల తరబడి నీళ్లలో నానిన గోడ పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల ఇటుక చెమ్మ పట్టుకునే ఉంటుంది. ఇక్కడ మేం తేమ మీటరు పెట్టి చూడందే ప్రైమర్ డబ్బా మూత తీయం. కింది భాగం ప్లాస్టరు చెక్కేసి, ఇటుకను ఎండనిచ్చి, మళ్లీ పూసి, అది ఆరాకే లప్పం పట్టాలి. మా బావ మొదటిరోజే చెప్పాడట: ‘గోడ ఇంకా చెమ్మగా ఉందండీ, ఇప్పుడు వేస్తే నిలవదు’ అని. ‘పిల్లలు శుక్రవారం వెళ్లిపోతారు’ అన్నది వాళ్లిచ్చిన జవాబు. ఇప్పుడు ఆ సీతాకోకచిలుకల బొమ్మ కింద ఉప్పు పూసి, రంగు రేకులు రేకులుగా లేస్తోంది. అక్క నిన్ననే ఫొటో పంపింది. ఇదే సింగపూర్‌లో మా కుర్రాడెవరైనా ఎత్తు మీద బ్రష్షు పట్టాలంటే భద్రతా శిక్షణ కాగితం ఉండాలి. అక్కడ పిల్లల్ని బెంచీ మీద బెంచీ వేసి ఎక్కించారు. ఆ ఫొటో కూడా మీరే వేశారు.

ఖర్చు సంగతీ మీ వార్తలోనే ఉంది. టికెట్టు, హోటలు, బస్సు కలిపి ఒక్కొక్కరికి పదిహేను వందల సింగపూర్ డాలర్లు. మన రూపాయల్లో తొంభై వేల పైమాటే. విజయవాడలో నేల అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం ఇచ్చిన సాయం 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు. అంటే ఒక్క పిల్ల ప్రయాణానికి పెట్టిన డబ్బు మూడిళ్లకు పైగా సరిపోయేది. ఇరవై మంది డబ్బుతో ఒక వీధి నిలబడేది. ఈ లెక్క వేయడానికి మీ విలేకరికి రెండు నిమిషాలు పట్టదు.

పిల్లలకు ఈ సేవ ఎందుకు అవసరమో ఇక్కడుండే తల్లిదండ్రులందరికీ తెలుసు. ఐబీ చదువులో సేవ కూడా ఉన్న క్యాస్ అనే విభాగం తప్పనిసరి. స్థానిక సెకండరీ బడుల్లో 2014లో లీప్స్ 2.0 అనే గుర్తింపు పద్ధతి వచ్చింది. సేవ కూడా అందులో లెక్కకొచ్చి, పై చదువుల ప్రవేశంలో రెండు బోనస్ పాయింట్ల దాకా కలిసొస్తాయి. ఏర్పాటు మంచిదే. కానీ పాయింట్లు పిల్లలకు, కూలి నష్టం మా బావకు అయితే ఎలా?

విద్యార్థులు విపత్తు పనికి పనికిరారని నేననను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మా నాన్న పదో తరగతి. తోటి పిల్లలతో కలిసి బురదలో నడిచి వెళ్లాడు, తిండి మూటగట్టుకుని వెళ్లాడు, శవాలు మోశాడు. అక్కడ చేతులు తక్కువై పని మిగిలిపోయింది, అందుకని వెళ్లాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడూ మొదటి పది రోజులు అలాంటి పని ఉంది. వేరే ఊళ్ల నుంచి పారిశుద్ధ్య కార్మికులు వచ్చారు, ఫైరింజన్లతో ఇళ్లలో బురద కడిగారు, బుడమేరుకు పడ్డ మూడు గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చింది. నెలలు గడిచి, ఊళ్లో చేతులున్నాయి, పని లేదు అనే రోజుల్లో ఈ పిల్లల్ని దించారు. ఇక్కడైతే ఇలా జరగదు. 2024 జూన్‌లో పాసిర్ పంజాంగ్ దగ్గర నౌకలు ఢీకొని దాదాపు 400 టన్నుల చమురు సముద్రంలో కలిసింది. సాయం చేస్తామని జనం ముందుకొచ్చినా, జిడ్డు తీసే అసలు పని శిక్షణ ఉన్న సిబ్బందే చేశారు. సింగపూర్ తీరానికి ఉన్న ఆ జాగ్రత్త విజయవాడలో మా సింగ్‌నగర్ వైపు బడికి అక్కర్లేదా?

ఆ పిల్లలను కనీసం బుడమేరు కట్ట మీదికైనా తీసుకెళ్లారా అని అక్కనడిగాను. లేదంది. వెలగలేరు రెగ్యులేటరు ఎక్కడుంది, నీళ్లు కృష్ణకు మళ్లాల్సింది ఎందుకు మళ్లలేదు, కొల్లేరుకు పోయే దారిలో ఎన్ని ఇళ్లు లేచాయి, ఇవి చూపిస్తే ఆ పిల్లలకు చదువైనా దక్కేది.

మరో మాట చాలాకాలంగా మనసులో ఉంది, ఇక్కడే చెప్పేస్తాను. సింగపూర్ తెలుగువాళ్లంటే మీకు ఎప్పుడూ మెరీనా బే ముందు పట్టుచీరలే. క్రాంజీ మీ పేజీలో ఒక్కసారైనా కనపడలేదు. 2020 ఏప్రిల్‌లో కొవిడ్ వల్ల డార్మిటరీల గేట్లు మూసినప్పుడు మేమూ విపత్తులోనే ఉన్నాం. ఆ డిసెంబరు నాటికి డార్మిటరీల్లో ఉన్నవాళ్లలో 47 శాతం మందికి వైరస్ సోకిందని సింగపూర్ ప్రభుత్వమే లెక్క చెప్పింది. అప్పుడు ఒక బెంగాలీ యువతి, బెంగాలీ మాట్లాడే కార్మికుల మాట డాక్టర్లకు అందాలని వెబ్‌సైటు తయారుచేసింది. మా గదిలో శ్రీకాకుళం కుర్రాడు ఛాతీలో ఎలా పట్టేస్తోందో నర్సుకు ఇంగ్లీషులో చెప్పలేక చేత్తో చూపించాడు. రెండు భాషలూ వచ్చిన తెలుగు పిల్లలు రైల్లో గంట దూరంలో ఉన్నారు, ఫోనుకైతే ఆ గంట కూడా అక్కర్లేదు. ఇవాళ్టికీ గాయపరిహారం కాగితం అర్థంకాక సంతకం పెట్టేవాళ్లు ఇక్కడున్నారు.

బుడమేరు పొంగినప్పుడు మా డార్మిటరీ కుర్రాళ్లు ఓవర్‌టైమ్ డబ్బు కలిపి అక్క వాళ్ల వీధికి పంపారు. దాంతో నీళ్లు తోడే మోటారు, బ్లీచింగ్, స్టవ్వులు కొన్నారు. ఏం కావాలో ఆ వీధివాళ్లే చెప్పారు. విమానం ఎవరూ ఎక్కలేదు. అది వార్త కాలేదు.

వచ్చే సెలవుల్లో మరో బృందం వెళ్తుందని మీ వార్త చివరి వాక్యం. వెళ్లనివ్వండి. కానీ ముందు ఆ వీధి పెయింటర్లకు పని ఇచ్చి, కూలి కట్టి, పిల్లల్ని వాళ్ల కింద నేర్చుకోమనండి. గోడ సిద్ధంగా ఉందో లేదో పెయింటరు చెప్పాకే టికెట్లు కొనమనండి. మీ విలేకరిని ఈ వారమే మళ్లీ ఆ బడికి పంపి, పెచ్చులూడిన గోడను అంతే పెద్ద ఫొటోగా వేయండి. దాన్ని చెక్కి మళ్లీ పూయడానికి పదిహేను రోజుల పని ఉందని బావ అంటున్నాడు. ఆ కూలీ, మొదటిసారి ఎగ్గొట్టిన కూలీ ఎవరు కడతారో నిర్వాహకులను అడిగి, వాళ్లిచ్చిన జవాబు ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
క్రాంజీ, సింగపూర్