కత్తి కొనకండి, చేయించుకోండి

పోస్టు కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. రోహిణి కార్తె వచ్చేలోపు గట్ల మీద కంప కొట్టుకోవాల్సిన పని అందరికీ ఉంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

సూటిగా చెబుతా. బజారులో తాడుకి గుత్తిగా వేలాడదీసిన మచ్చుకత్తి కొనడం మానండి. కొలిమి ఉన్న ఊరికెళ్లి, కమ్మరి ముందు కూర్చుని, మీ చేతికీ మీ పొలంలో ఉన్న కంపకీ తగ్గట్టు ఒక కత్తి చేయించుకోండి. ధర మూడింతలు నాలుగింతలైనా సరే. ఈ మాట అంటే "నీకేం, డబ్బులున్నోడివి" అంటారు. డబ్బులున్నోడు జేసీబీ పెట్టిస్తాడండీ. కత్తితో కొట్టుకునేది మనమే, అందుకే కత్తి సంగతి మనకే కావాల.

బజారు కత్తి ఎట్టా తయారవుద్దో చూడండి. ఒక పట్టీని మిషను మీద ఆకారానికి కోస్తారు. అంచుకి గ్రైండింగు పడతారు. పైన నల్ల రంగు కొడతారు. మొదలు, కొన, వెన్ను అంతా ఒకటే మందం. పిడి ప్లాస్టిక్కుదో, బోలు గొట్టమో. కత్తి తోక పిడిలోకి రెండు మూడు వేళ్లు దిగి ఆగిపోద్ది. అన్నీ చెత్తవే అనను, కొన్ని కంపెనీలు ఉక్కు బాగానే వాడతాయి. కానీ ఆ కత్తి ఎవరి కోసం చేశారు? ఆరడుగుల మనిషికా, ఐదడుగుల మనిషికా? కొబ్బరికాయ కొట్టడానికా, సర్కారు తుమ్మ నరకడానికా? ఎవరికీ కాదు. అమ్మడానికి చేశారు.

సర్కారు తుమ్మ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పచ్చి రెమ్మ తేలిగ్గానే తెగుద్ది. మొదలు దగ్గర ముదురు చేవ, ముడి తగిలితే పల్చటి కత్తి అంచు మడత పడుద్ది, లేకపోతే పెచ్చు లేస్తది. బరువు కొన వైపు లేదు కాబట్టి ఒక్క దెబ్బకి తెగాల్సింది నాలుగు దెబ్బలవుద్ది. నాలుగో దెబ్బకి చెయ్యి అలిసి కత్తి పక్కకి జారుద్ది. ఆ జారిన దెబ్బే మోకాలి మీద పడేది. మన పక్క కాలి మీద కత్తి గాటు లేని రైతులు ఎంతమంది ఉన్నారో మీరే లెక్కేసుకోండి. తప్పు మనిషిదే అని మనమే తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు కత్తిది.

ఇంకో మాట, ముక్కు గురించి. పాతకాలం మచ్చుకత్తికి కొనన చిలక ముక్కులా లోపలికి వంపు ఉండేది. అది అందానికి పెట్టింది కాదు. ముళ్ల రెమ్మని ఆ ముక్కుతో పట్టి లాగి, అవతల పారేసి, అప్పుడు మొదలు మీద దెబ్బ వేస్తాం. చెయ్యి ముళ్లలోకి పోదు. కత్తి జారి నేలకి పోయినా ముందు తగిలేది ముక్కు, అంచు కాదు. ఇప్పుడు బజారులో ఆ వంపుని సగానికి తగ్గించేశారు. ఎందుకంటే, పట్టీలో తక్కువ ముక్క వృథా అవుద్ది కదా!

కుర్రాళ్లకి ఒక మాట. ఆన్‌లైన్లో అడవి కత్తి, సర్వైవల్ కత్తి అని వెన్ను మీద రంపం పళ్లు, పిడిలో దిక్సూచి పెట్టి అమ్ముతున్నారు. ఆ రంపంతో వేపపుల్ల కూడా కోయలేరు, పైగా ఆ పళ్ల మధ్య నుంచే పగులు మొదలవుద్ది. దాన్ని పట్టుకుని రీల్సు చేస్తున్నారు. మన దేశంలో ఆయుధాల చట్టం 1959 నుంచి ఉంది. వ్యవసాయానికి, ఇంటి వాడకానికి మాత్రమే చేసిన పనిముట్లని అది ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. అంటే పొలంలో మన మచ్చుకత్తికి ఏ భయమూ లేదు. అదే కత్తిని జాతరలో ఊపితే పోలీసోళ్లకి వ్యవసాయం అని చెప్పుకోలేరు. బస్సులో తీసుకుపోయేటప్పుడు గోనె సంచి చుట్టి తాడు కట్టండి.

ఇప్పుడు నా వాదన. కత్తితో బతికేవాళ్లు ఎవరూ బజారు కత్తి వాడరు. కల్లుగీత కార్మికుణ్ణి చూడండి. ఆయన గీత కత్తి ఆయన చేతికే సరిపోయేట్టు చేయించుకుంటాడు, పొదిలో పెట్టి నడుముకి కట్టుకుంటాడు, ఇంకొకరికి ఇవ్వడు. కోనసీమలో కొబ్బరి చెట్టు ఎక్కే మనిషీ అంతే. చెరకు కొట్టే ముఠాలంతే. సుబాబుల్, జామాయిల్ కొట్టే కూలీలు మన పొలాలకి వచ్చేటప్పుడు ఎవరి కత్తి వాళ్లు తెచ్చుకుంటారు, గమనించారా? వాళ్లకి మన కత్తి ఇస్తే ఒకసారి చేతిలో ఎగరేసి చూసి, నవ్వి పక్కన పెడతారు. మన దగ్గర కూలికి వచ్చిన మనిషికి తెలిసిన సంగతి, భూమి ఉన్న మనకి తెలవకపోవడం ఏందండీ?

చేయించుకునేటప్పుడు ఏం చెప్పాలో కూడా రాస్తా. ముందు ఉక్కు. లారీ కమాను కట్ట ముక్క అడగండి. అది స్ప్రింగు ఉక్కు, దాంట్లో కార్బన్ సుమారు అర శాతం పైన ఉంటది. అందుకే కాల్చి ముంచితే గట్టిపడుద్ది. గేటు పట్టీలు, మామూలు బద్దలు మెత్తటి ఇనుము. ఎంత కాల్చి ముంచినా పనికొచ్చే పదును నిలవదు. శ్లాబు చువ్వ ముక్కతో చేసి ఇస్తామంటే వద్దనండి. అయితే పాత కమాను కట్టల్లో కంటికి కనపడని పగుళ్లు ఉంటాయి. కత్తి అయ్యాక దారంతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. గంటలా మోగాల. బొద్దుగా పలికితే లోపల పగులు ఉన్నట్టే, తీసుకోవద్దు.

కమ్మరి పనిలో అసలు విద్య కొట్టడంలో కంటే నీళ్లు పట్టించడంలో ఉంది. ఎర్రగా కాలిన కత్తికి అయస్కాంతం అంటకుండా పోయే వేడి ఒకటుంది, ఇనుముకైతే 770 డిగ్రీల దగ్గర. పాతవాళ్లు అయస్కాంతం లేకుండానే నీడలో రంగు చూసి చెప్పేవాళ్లు. అందుకే కొలిమి ఎప్పుడూ చీకటి పాకలో ఉంటది, ఎండలో ఆ ఎరుపు తెలవదు. ఆ వేడి దాటగానే అంచు మాత్రం ముంచుతారు. కొందరు నీళ్లలో, కొందరు పాత ఇంజను ఆయిల్లో. వెన్ను ముంచరు. తీసి వెంటనే ఇటుక ముక్కతో అంచు తెల్లగా రుద్ది చూస్తుంటారు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచుకి దిగుతుంటే రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, తర్వాత వంగపండు రంగు, ఆ తర్వాత నీలం. నరికే కత్తికి వంగపండు రంగు అంచుకి చేరే వేళకి మళ్లీ ముంచి ఆపేయాల. ఎండుగడ్డి రంగులోనే ఆపితే ముడి తగిలి పెచ్చు ఊడుద్ది. నీలం దాటి పోనిస్తే అంచు మెత్తబడుద్ది. ఆ రంగులు నడిచేది కొద్ది క్షణాలే. ఆ మనిషి చూపు ఆ క్షణాల్లో పక్కకి తిరగదు, మీరు పలకరించినా పలకడు. మనం డబ్బులిచ్చేది ఆ చూపుకి. కిలోల లెక్కన ఇనుముకి కాదు.

తెచ్చుకున్నాక ఒక పరీక్ష. ఆకురాయి పెట్టి చూడండి. వెన్ను మీద తేలిగ్గా కరవాల, అంచు మీద కష్టంగా కరవాల. రెండూ ఒకేలా కరిస్తే వెనక్కి తీసుకుపోయి మర్యాదగా చెప్పండి, మళ్లీ నీళ్లు పట్టిస్తాడు. ఈ వెనక్కి తీసుకుపోయే సౌకర్యం ఏ ఆన్‌లైన్ కంపెనీ ఇస్తదో చెప్పండి.

పిడికి బాగా ఎండిన నల్లతుమ్మ చేవ కర్ర మీరే తీసుకుపోండి. మన గట్ల మీదే ఉంటది. పచ్చి కర్ర పెడితే ఎండాక కుంచించుకుపోయి కత్తి ఊగుద్ది. తోక పిడి చివరిదాకా పోయి అవతల మడతపడాల. కత్తి వైపు ఇనుప పొన్ను వేయించండి. పిడి అడుగున కాస్త లావు ఉంచమనండి, చెమట చేతిలోంచి జారకుండా.

ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాల. మేకలకి రొట్ట కొట్టేది, పొయ్యి కట్టెలు కొట్టేది, నరికిన కంప ఈడ్చి కుప్ప వేసేది మన ఇళ్లల్లో ఎక్కువగా వాళ్లే. కానీ ఇంట్లో ఉన్న ఒక్క కత్తీ మగవాడి చేతికి సరిపడా ఉంటది. లావు పిడి, ఎక్కువ బరువు. సాయంత్రానికి మణికట్టు వాచిపోతే జండూబామ్ రాసుకుని పడుకుంటారు. కమ్మరి దగ్గరికి ఆమెనే తీసుకుపోండి. ఆమె పిడికిలి కొలత ఇప్పించండి, కాస్త పొట్టిగా, తేలిగ్గా, ముక్కు ఎక్కువ వంపుతో ఒకటి చేయించండి. భార్యకి చీర కొనేటప్పుడు పది కొట్లు తిరుగుతాం కదా.

ధర దగ్గరికి వద్దాం, అసలు గొడవ అక్కడే. పురుగుమందుల కొట్టులో డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంత ఇచ్చి, పైగా అప్పు పెట్టినందుకు దణ్ణం పెట్టి వస్తాం. ఫోను కవరుకి రెండొందలు ఇస్తాం. కమ్మరి ఎనిమిదొందలు అనగానే "ఏంది, పాత ఇనప ముక్కకి ఎనిమిదొందలా" అంటాం. బొగ్గు ఎంతకొస్తుందో అడిగామా? సమ్మెట వేసే రెండో మనిషికి కూలి ఎంతో అడిగామా? ఒకప్పుడు కళ్లంలో కమ్మరికి, వడ్రంగికి మేర కొలిచి ఇచ్చాకే ధాన్యం ఇంటికి పోయేది. ఏడాదంతా కర్రు సాగగొట్టడం, కొడవళ్లకి కక్కు వేయడం ఆయన పని. ట్రాక్టర్లు వచ్చాక కర్రుతో పని పోయింది, కోత మిషన్లు వచ్చాక కొడవలితో పని తగ్గింది, మేర ఆగిపోయింది. అది కాలంతో వచ్చిన మార్పు, దానికి ఎవరినీ తిట్టలేం. కానీ కంప కొట్టే పని పోలేదే! గడ్డి కోసే పెట్రోలు మిషను ఉంది, పచ్చగడ్డికి మహా బాగుంటది, కాదనను. కంచె పక్కన, డ్రిప్పు పైపుల మధ్యన, మోటారు షెడ్డు వెనకాల ముదురు తుమ్మకి అది పనికిరాదు. జేసీబీ గట్టునే పెళ్లగించి పోద్ది. అక్కడ కత్తే దిక్కు. ఆ మిగిలిన ఒక్క పనీ మనం ప్లాస్టిక్ పిడి కత్తికి ఇచ్చేశాం. అందుకే కమ్మరి కొడుకు వెల్డింగు షాపులో గేట్లకి పూలు అతికిస్తున్నాడు. తండ్రి కళ్లతో నేర్చిన ఆ రంగుల విద్య ఆయనతోనే పోద్ది. దానికి ప్రభుత్వాన్ని తిట్టి ప్రయోజనం లేదు. 2023 సెప్టెంబరులో కేంద్రం పీఎం విశ్వకర్మ అని పెట్టింది. 18 వృత్తుల్లో కమ్మరి ఉంది. పనిముట్లకి 15,000 రూపాయలు, శిక్షణ రోజులకి 500 చొప్పున, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. మంచిదే, మీ ఊరి కమ్మరికి తెలవకపోతే చెప్పండి. అయితే కొత్త సుత్తి ఇచ్చినా, కొట్టమని కత్తి అడిగేవాడు లేకపోతే ఆ సుత్తి అటక ఎక్కుద్ది. ఆర్డరు ఇవ్వాల్సింది మనం.

మన కమ్మరోళ్లకి అంత పనితనం ఎక్కడిది అనేవాళ్లకి ఒక్క సంగతి. నిజామాబాదు వైపు కోనసముద్రం అనే ఊరుంది. అక్కడ మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చి, కూర్చుని, కొనుక్కుపోయేవాళ్లు. హెన్రీ వోయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు దాన్ని చూసి రాసింది 1832లో అచ్చయింది. మన నేల మీద ఇనుముకి అంత విలువ కట్టించిన చేతులవి. వాళ్ల వారసుణ్ణి పట్టుకుని పాత ఇనప ముక్క అంటున్నాం.

చివరగా వాడకం గురించి. కొత్త కత్తిని గ్రైండరు మిషను మీద పెట్టొద్దు. నిప్పురవ్వలు లేచి అంచు నీలం రంగుకి తిరిగిందంటే కమ్మరి పట్టిన నీళ్లు అక్కడితో పోయినట్టే, మళ్లీ కొలిమి ఎక్కాల్సిందే. ఆకురాయి, తర్వాత నీళ్లతో సానరాయి. అంతకు మించి వద్దు. కంచె తీగ దానితో కొట్టొద్దు. తుమ్మ పసరు కడిగి, తుడిచి, ఆముదం చుక్క రాసి గోడకి తగిలించండి.

కొలిమికి మేలో ఒక్కసారిగా జనం వస్తారు, హడావుడిలో నీళ్లు సరిగ్గా పట్టవు. ఈ వారమే పోండి. సగం డబ్బులు ముందే ఇవ్వండి, బొగ్గు కొనుక్కుంటాడు. మీ మండలంలో కొలిమి ఇంకా నడుస్తున్న ఊరి పేరు కింద రాయండి, పక్క మండలాల వాళ్లకి పనికొస్తది.