శాస్త్రమునకు నాలుక, కళకు కొలత

2025 జనవరి 14వ తేదీన నిజామాబాదు ముఖ్యస్థానముగా జాతీయ పసుపు మండలి ప్రారంభింపబడినది. పొరుగుననున్న మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతముల రైతులకు ఇది చిరకాల వాంఛితము. ధరలను గూర్చియు, ఎగుమతులను గూర్చియు చర్చ విస్తారముగ జరుగుచున్నది. కాని పరిశోధనాలయమున తేలిన సత్యము పసుపు చేనికి ఏ త్రోవను చేరవలెనని అడుగువారు అరుదు. మా దృష్టిలో ముందుగా తేలవలసిన ప్రశ్న యదియే.

పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. రైతు పెట్టుబడియంతయు భూగర్భమున దాగియుండును. దుంపకుళ్ళు సోకినచో, ఆకులు పాలిపోయి మొదలు మెత్తబడువరకు అతడెరుగడు. నీరు నిలిచిన మడిలో ఆ తెగులు విజృంభించును. సోకిన విత్తన దుంపల వెంట మరుసటి యేటికి సంక్రమించును. కావున మురుగు కాలువలు తీయుట, మంచి విత్తనము నేరుకొనుట, నాటుటకు ముందు దానిని శుద్ధి చేయుట ముఖ్యములు. ఇందు శాస్త్రజ్ఞులకు సందేహము లేదు.

అయితే “0.3 శాతము మాంకోజెబ్ ద్రావణమున విత్తనశుద్ధి గావింపవలెను” అని కరపత్రమున అచ్చొత్తించినచో ఎందరికి బోధపడును? “లీటరు నీళ్ళకు 3 గ్రాముల మందు కలుపుము, దుంపలను అరగంట నాననిమ్ము” అన్నను అర్థమొక్కటియే. మొదటిది చెప్పువాని తృప్తికి, రెండవది వినువాని మేలుకు. ఈ భేదమును గుర్తించుటతోనే కళ ప్రారంభమగును.

కళ యనగా చేదుమందుపై పూసిన బెల్లమని కొందరి తలంపు. మేము అంగీకరింపజాలము. 11వ శతాబ్దమున పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు పద్యములలో పెట్టెను. పద్యమున సంఖ్యను తారుమారు చేసినచో తరచుగా గణము తప్పును, యతి చెడును. చదువరి వెంటనే తడుముకొనును. అచ్చట ఛందస్సు అలంకారమే కాదు, లెక్కకు కావలియు.

ఒగ్గు కథకుడు రాత్రి తెల్లవార్లు జనమును కదలనీయక కూర్చుండబెట్టగలడు. ఆ శక్తి దుంపకుళ్ళు కథకు ఏల తోడ్పడరాదు? కాని దరువు కుదురుటకై 3 గ్రాములను విడిచి “మందు కలుపుము, మేలు కలుగును” అని పాడినచో రైతు నష్టపోవును. పాటపైనను, శాస్త్రముపైనను నమ్మకము పోవును. కొలత లేని కళ అపాయకరము, నాలుక లేని శాస్త్రము నిరుపయోగము.

పసుపే మరియొక పాఠమును నేర్పినది. గాయమునకు పసుపు నద్దుట మన యింట అవ్వలందరు ఎరిగినదే. అయినను 1995లో అమెరికాలో దానిపై పేటెంటు మంజూరయ్యెను. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని ఎదిరించి, ప్రాచీన సంస్కృత గ్రంథములను, 1953 నాటి వైద్యపత్రికలోని వ్యాసమును సాక్ష్యముగ చూపిన పిమ్మట 1997లో అది రద్దయ్యెను. అవ్వ నోటి మాట ఆ జ్ఞానమును తరతరములు బ్రతికించినది. వ్రాతయే దానిని వివాదమున గెలిపించినది. రెంటిలో ఏది తక్కువ యనగలము?

కావున పసుపు మండలివారికిని, జగిత్యాల చెంత పొలాస పరిశోధనా స్థానమువారికిని మా విజ్ఞప్తి యొక్కటి. ఏటేట మృగశిర కార్తెకు ముందే శాస్త్రజ్ఞుని, కథకుని, అనుభవశాలియగు రైతును ఒక్కచోట కూర్చుండబెట్టుడు. కొలత జారకుండ శాస్త్రజ్ఞుడు చూచుకొనును; ఎరుగని మాట దొర్లకుండ రైతు చూచుకొనును; వినువారు లేచిపోకుండ కథకుడు చూచుకొనును. కథకునికి దయాధర్మముగ కాక, ఉద్యోగికి వలెనే తగిన వేతనమిండు. కథ ముగిసిన పిదప రైతులడిగిన ప్రశ్నలను వ్రాసికొని పరిశోధనాలయమునకు చేర్పుడు. పోవు త్రోవయే కాక వచ్చు త్రోవయు నున్నప్పుడే జ్ఞానము మెట్‌పల్లి చేలలో నిలువగలదు.